రేవు దీపం

ఈసారికి వాన మంచి సాకే, అనుకుంది గుడ్రున్. పోయినేడు మోకాలు. అంతకు ముందేడు తిరుగు బస్సు తప్పిపోతుందేమోనన్న భయం. సాకు ప్రతిసారీ ఇంటి దగ్గరే తయారవుతుంది, రొట్టెముక్కల పొట్లాలతో పాటు. పొట్లాలు మాత్రం రెండు కడుతుంది. రెండోది తమ్ముడికి. అది ఏటా విప్పకుండానే సాయంత్రానికి మళ్ళీ ఇల్లు చేరుతుంది.

బస్సు కొండ దిగుతోంది. అద్దం మీద నీళ్ళు అడ్డంగా పాకుతున్నాయి.

"మీ సంచీకి కూడా టికెట్ తీశారా?"

తడిసిన టోపీ చేత్తో పట్టుకుని ఒక ముసలాయన నిలబడి ఉన్నాడు. ప్రతి సీటులోనూ ఒక్కో మనిషి, పక్కన ఒక్కో సంచీ. గుడ్రున్ తన సంచీని ఒళ్ళోకి తీసుకుంది.

"వెనక నా సీటు మీద పైనుంచి కారుతోంది. లేకపోతే మీ జోలికి వచ్చేవాణ్ణి కాదు," అన్నాడాయన కూర్చుంటూ. "ఎక్కడిదాకా?"

"ఎక్కడిదాకానూ కాదు. ఇటు బస్సులో వచ్చి, పడవెక్కి, అటునుంచి ఇంకో బస్సులో ఇంటికి."

"ఈ వానలోనా? కొండల్ని సగం మబ్బే మింగేసింది."

"వాన తగ్గాకే బయల్దేరాలంటే మన వైపు ఎవరూ గడప దాటరు."

ఆయన నవ్వి, ఫ్లాస్కు మూతలో కాఫీ పోసి ఇచ్చాడు. "అటువైపు మీవాళ్ళెవరైనా ఉన్నారా?"

తమ్ముడున్నాడని చెప్పడానికే నోరు తెరిచింది.

"వేడిగా ఉంది," అంది.

ఏడేళ్ళ కిందట అమ్మను పూడ్చి వచ్చాక, అందరూ కాఫీ తాగుతున్న బల్ల దగ్గర, "పక్కనే ఉండి కూడా చూసుకోలేకపోయావు" అంది తమ్ముడు సివెర్ట్‌తో. అతను కప్పు కింద పెట్టి బయటికి వెళ్ళిపోయాడు. ఎంత మెల్లగా పెట్టాడో, ఆ చిన్న చప్పుడు ఇప్పటికీ చెవిలో ఉంది. మొదట తనే మాట్లాడాలి, అందులో సందేహం లేదు. ఏ మాటన్నదే ఏడేళ్ళుగా తేలడం లేదు. అందుకే ఏటా అమ్మ పుట్టినరోజున ఇలా బయల్దేరుతుంది. పడవ స్కార్వనెస్ రేవులో ఒక్క నిమిషం ఆగుతుంది. కిటికీలోంచి ఇప్పుడు తమ్ముడుంటున్న అమ్మ పసుపు రంగు ఇల్లు కనిపిస్తుంది. పొయ్యి గొట్టంలోంచి పొగ వస్తుంటే, ఉన్నాడు, బాగానే ఉన్నాడు అనుకుంటుంది. లేవబోతుంది. ఈలోగా పడవ కదులుతుంది. కదిలినందుకు తనలో ఎవరో ఊపిరి పీల్చుకుంటారు. ఆ ఎవరో అంటే ఆమెకు అసహ్యం.

పడవ దగ్గర ముసలాయన టోపీ కాస్త ఎత్తాడు. "సంచీకి మంచి కిటికీ సీటు చూసిపెట్టండి," అని ముందు వైపుకు వెళ్ళిపోయాడు.

గుడ్రున్ ఎప్పటిలాగే తలుపు పక్కన కిటికీ దగ్గర కూర్చుంది. రెండు పక్కలా నల్లటి రాతి గోడలు నిటారుగా నీళ్ళలోకి దిగి ఉన్నాయి. నిన్నటిదాకా లేని జలపాతాలు ఇవాళ కొండ నిండా తెల్లటి దారాల్లా వేలాడుతున్నాయి. గంట గడిచింది. ఇంజను చప్పుడు తగ్గింది. స్కార్వనెస్. పొయ్యి గొట్టంలోంచి పొగ.

వాన పడుతోంది కదా, అనుకుంది.

తలుపు దగ్గర పడవ పనివాళ్ళిద్దరు నిలబడ్డారు. ఓడ్‌వార్ పాతవాడు. మారిట్ ఈ వేసవిలోనే చేరింది.

"దీపం వెలుగుతోంది. ఎక్కే మనిషి ఏడీ?" అంది మారిట్.

"ఉండడు."

"మరి దేనికి ఆపినట్టు?"

"రేవులో దీపం వెలిగితే ఆపాలి, అది పద్ధతి. తాడు కట్టి, దిగి దీపం ఆర్పేసి రా."

"మనతో ఆటలాడుతున్నారు ఎవరో," అని గొణుక్కుంటూ మారిట్ తాడు అందుకుంది.

గుడ్రున్ అటు తిరిగింది. "ఇక్కడ రోజూ ఆగుతుంది కదా?"

"ఇక్కడా? లేదమ్మా," అన్నాడు ఓడ్‌వార్. "ఆ పసుపు ఇంటి పెద్దావిడ పోయాక రోజూ ఆపడం మానేశాం. ఎక్కేదీ దిగేదీ ఆవిడొక్కతే. ఇప్పుడు ఎక్కేవాళ్ళుంటే దీపం వెలిగించాలి, దిగేవాళ్ళు మాకు ముందే చెప్పాలి."

"నేను వచ్చినప్పుడల్లా ఆగింది."

"అయితే మీరు ఏటా ఈ తేదీనే వస్తున్నారన్నమాట. ఆ ఇంటాయన ఏడాదికి ఈ ఒక్కరోజే దీపం వెలిగిస్తాడు." ఓడ్‌వార్ గొంతు తగ్గించాడు. "ఒకసారి కోపమొచ్చి అడిగేశాను, ఎవరయ్యా ఎక్కేది, అని. ఎక్కడానికి కాదు, దిగేవాళ్ళుంటే దిగుతారని, అన్నాడు. ఆరేళ్ళు చూశాం. ఎవరూ దిగలేదు. మేమే దీపం ఆర్పేసి పోతాం. అది ఆరేదాకా ఆయన కిటికీ దగ్గరే నిలబడి ఉంటాడు, పాపం."

గుడ్రున్‌కు తన మోకాలు గుర్తొచ్చింది. తిరుగు బస్సు గుర్తొచ్చింది. చెప్పాల్సిన మొదటి మాట ఇప్పటికీ తెలియదన్నదీ గుర్తొచ్చింది. బయట మారిట్ దిగడానికి రేవుకు చెక్కపలక వేసి, వానలో తల వంచుకుని దీపమున్న స్తంభం వైపు నడవబోతోంది.

"ఆగమ్మాయ్," అంది గుడ్రున్, సంచీ భుజాన వేసుకుంటూ. "నువ్వు తడవకు. నేను ఆర్పుతాను."

ఆమె రేవులోకి దిగగానే మారిట్ పలక లాగేసుకుంది. పడవ వెనక్కి జరిగి, మలుపు తిరిగేదాకా గుడ్రున్ స్తంభం కిందే నిలబడింది. అప్పుడు పసుపు ఇంటి కిటికీ వైపు చూస్తూ, దీపం ఆర్పింది.