వంటింట్లో కెమెరా

"నెట్ ఏదిరా?" నా మనవరాలి మొగుడు నా కళ్లముందే కంప్యూటర్ మెకానిక్ గొంతు పట్టి గోడకేసి కొట్టాడు.

"కొత్త సిస్టమ్ ఎక్కిస్తే పాత సెట్టింగులు పోతాయి సార్. వదలండి, పెడతా."

పెట్టగానే తెరమీద, కెమెరాలోంచి, ఆ ఇంటి వంటిల్లే కనబడింది. అందులో నా మనవరాలు చితికిన పెదవికి తడిగుడ్డ అద్దుకుంటోంది.

"కట్టుకున్నదాని మీద కెమెరాలా!" మెకానిక్ పెట్టినవన్నీ మళ్లీ తుడిచేశాడు.

వాడు కుర్చీ ఎత్తి మెకానిక్ నెత్తిన వేశాడు. రెండోసారి ఎత్తేలోగా నా చేతికర్రతో వాడి మోకాలు విరగ్గొట్టాను.

అరుపులకు మనవరాలు పరిగెత్తుకొచ్చింది. కిందపడి మూలుగుతున్న మొగుణ్ణి కాదు, ఖాళీ తెరను చూసింది.

"ఇప్పుడు మనం వీడికి కనబడమా, అమ్మమ్మా?"

"కనబడమే, నా తల్లీ."

ఎప్పుడడిగినా బాగున్నానని చెప్పే పిల్ల, పెళ్లయ్యాక మొదటిసారి గొంతెత్తి ఏడ్చింది.