అరువు ఆయాసం

“ఒక్కటి గూడా ఆయాసపడటం ల్యాదేందవ్వా?”

అన్నాడు మహేంద్ర, బోన్లలోకి వంగి చూస్తూ. అతని చేతిలో పిడికెడు దూది ధూళి ఉంది, ఆదోని జిన్నింగు మిల్లులో నేలమీద ఊడ్చి తెచ్చింది. రెండు బోన్లమీదా చల్లాడు. గినీ పందులు ముక్కులు ఒకసారి ఆడించి, మళ్ళీ గడ్డి నమలడంలో పడ్డాయి.

ఎమ్మిగనూరు రోడ్డులో ఉన్న ఆ ఫార్మసీ కాలేజీలో మహేంద్ర ఉబ్బసం మీద పరిశోధన చేస్తున్నాడు. చెప్పుకుంటే సులువే. గినీ పందుల ముక్కులకు తగిలేలా రోజూ కోడిగుడ్డు తెల్లసొన కలిపిన నీళ్ళు పిచికారీ కొట్టాలి. కొన్నాళ్ళకు వాటి ఊపిరిగొట్టాలు అయినదానికీ కానిదానికీ ఉలిక్కిపడటం నేర్చుకుంటాయి. అప్పుడు కాస్త దుమ్ము తగిలినా బిగుసుకుపోయి పిల్లికూతలు పెడతాయి. ఆ కూతలను తన కొత్త మందు ఆపుతుందని అతను చూపించాలి. కూతలే లేకపోతే ఆపడానికి ఏముంది? అతని పరిశోధనను పర్యవేక్షించే పెద్దసారు కర్నూలు నుంచి బయలుదేరి వస్తున్నాడు. ఈరోజు ఆయనకు చూపించలేకపోతే పరిశోధన మూసేసి ఇంటికి పొమ్మంటాడు.

“గుడ్డునీళ్ళు రోజూ కొట్టినావు గదా?” అని అడిగాడు, బోన్లు చూసుకునే హనుమంతమ్మను.

హనుమంతమ్మ కొంగు సర్దుకుంది. “కొట్టల్యాదప్పా.”

“కొట్టల్యాదా?”

“శ్రావణమాసం పెట్టుకోని గుడ్డు ఎట్ల కొట్టేదప్పా? నేనే ముట్టడం ల్యా. అవేమో గడ్డి తినే జీవాలు. నెల పోనీ, కొడదాంలే అనుకొంటి.”

“మరి పిచికారీ డబ్బా రోజూ ఖాళీ అయితాండె గదా. దాంట్లో ఏం పోసినావు?”

“గంజినీళ్ళు. పల్చంగనే పోసినాలే, ఉప్పు గూడా ఎయ్యల్యా. పాపం, మూతులు నాక్కోని నాక్కోని తాగుతాండె.”

పందులు అంత నున్నగా, గుండ్రంగా ఎందుకు తయారయ్యాయో మహేంద్రకు అప్పటికి తెలిసింది. స్టూలుమీద కూలబడ్డాడు.

“అయిపోయినాన్నేను. సిప్పగిరికి పోయి మా నాయనతో పాటు శెనక్కాయలు పెరుక్కుంటా.”

“ఏడ్సాకప్పా. ఆయాసమే గదా కావాల్సింది? నా దగ్గర ఉండాది. ఎంత కావాలంటే అంత తీసుకో.”

అది నిజమే. హనుమంతమ్మ ఎన్నో ఏళ్ళు జిన్నింగు మిల్లులో దూది ఎత్తిన మనిషి. ఆమె మెట్లెక్కి వస్తుంటే ముందు కూత వచ్చేది, తర్వాత ఆమె వచ్చేది. ఇప్పుడు మహేంద్ర చేతిలోని ధూళిని ఒక్కసారి ముక్కు దగ్గరికి తీసుకుందో లేదో, ఆమె ఎదలోంచి కుయ్యిమని సన్నగా మొదలై, గాలి నిండని హార్మోనియంలా పైకి లేచింది. రెండు పందులు భయపడి మూలకు పరుగెత్తాయి.

“ఇది అన్యాయం గదవ్వా.”

“అన్యాయమేముండాది? అవి పడాల్సింది నేను పడతాండా. నాకు అలవాటే.”

“మందు మిషను సద్దు ఇనపడంగనే ఆపాల.”

“ఆపేదే కష్టమప్పా. సరేలే, ఊపిరి బిగబట్టి కూసుంటా.”

బోన్ల వెనక పాత దుప్పటి ఒకటి తెరలా కట్టారు. హనుమంతమ్మ పీట వేసుకుని దాని వెనక కూర్చుంది.

పెద్దసారు తొందర మనిషి. వస్తూనే, “మందు లేకుండా ముందు చూపించు” అన్నాడు.

మహేంద్ర ధూళిని బోనుమీద కొంచెం, తెర వెనక్కి ఎక్కువ చల్లాడు. కూత లేచింది. పెద్దసారు బోనుకు చెవి ఆనించాడు. లోపల పంది గడ్డి నములుతూనే ఉంది.

“ఇంత చిన్న జంతువులో ఇంత పెద్ద కూత. నా సర్వీసులో వినలేదయ్యా.”

“ఆదోని దూది గదా సార్.”

“నోరు కూడా తెరవడం లేదే.”

“లోపల్లోపలే బాధపడతాయి సార్. మూగజీవాలు.”

“పాపం. ఇప్పుడు మందు కొట్టు.”

మహేంద్ర మిషను వేశాడు. మందు తెల్లటి మంచులా బోనును కమ్ముకుని, మిగిలింది తెర సందులోంచి అవతలికి పోయింది. కూత సన్నబడింది. ఇంకా సన్నబడింది. ఆగిపోయింది. ఎంత చక్కగా ఆపిందో అని మహేంద్ర మనసులోనే హనుమంతమ్మకు దండం పెట్టుకున్నాడు.

“మళ్ళీ దుమ్ము చల్లు” అన్నాడు పెద్దసారు.

చల్లాడు. చడీచప్పుడు లేదు.

“భేష్. ఇక ఆ పక్క బోను. మందు తగలనిది. అది కూసిందంటే తేడా తేలిపోయినట్టే, నీ పరిశోధనకు ఢోకా లేదు.”

మహేంద్ర ఆ బోనును దూరంగా లాగి, ఉత్సాహంగా దోసెడు ధూళి తీసి తెరమీదుగా విసిరాడు.

ఏమీ వినపడలేదు.

ఇంకో దోసెడు విసిరాడు. పెద్దసారే దగ్గాడు.

“ఏమయ్యా, మందు ఇవ్వనివాటికి కూడా నయమైపోయిందా?”

“వస్తాది సార్, వస్తాది.” మహేంద్ర కాలితో తెరను పొడిచాడు. “కానీ, కానీ” అన్నాడు పళ్ళ సందున.

“ఎవరితో మాట్లాడుతున్నావు?”

“పందితోనే సార్. కొత్త మనుషులుంటే సిగ్గు దానికి.”

తెర వెనక ఎవరో గాలిని గట్టిగా లోపలికి పీల్చిన చప్పుడైంది. మళ్ళీ పీల్చిన చప్పుడు. ఈసారి ఇంకా లోతుగా, ఇంకా పొడుగ్గా. అడ్డు లేని గాలి హాయిగా పోయింది, హాయిగా వచ్చింది. పెద్దసారు బోను వదిలి తెర వైపు నడిచాడు. మహేంద్ర కళ్ళు మూసుకున్నాడు.

ఆయన చెయ్యి తగలకముందే దుప్పటి పక్కకు జరిగింది. ఎదమీద చెయ్యి పెట్టుకుని, నమ్మలేనట్టు చూస్తూ హనుమంతమ్మ బయటికి వచ్చింది.

“నన్నేం సెయ్యమంటావప్పా, నీ మందు తగిలినంక మిల్లునాటి ఆయాసం ఎంత పిలిసినా రానంటాంది.”