పన్ను బాకీ

“ముందుగా చెప్పకుండా వస్తే అయ్యగారు ఎవర్నీ కలవరు. వెళ్ళిరండమ్మా,” అన్నాడు గేటు దగ్గర కాపలా మనిషి.

“కలిసేదాకా కదలను,” అంది ఆమె.

వెనకాల స్కూటరు మీద కూర్చున్న భర్త గొణిగాడు. “ఎందుకే ఈ గొడవ? ఆ మలుపులోనే పళ్ళ డాక్టరున్నాడు. హాయిగా పన్ను కట్టించుకుందువుగాని, పద.”

“నా పన్ను నా చేతికొచ్చాకే ఇంకో పన్ను సంగతి. మీరలా నీడలో నిలబడండి.”

ఆమె స్కూలు బస్సు డ్రైవరు. ఒకప్పుడు బాక్సరు. ఫైనల్లో కప్పుతో పాటు ముందు పన్నొకటి పోగొట్టుకుంది. గెలిచినావిడ పేరు ఊరూరా మోగిపోయింది. ఈమెకి మాత్రం పేటలో ‘కిటికీ’ అనే పేరు మిగిలింది. అప్పట్నుంచీ నవ్వొస్తే నోటికి చెయ్యి అడ్డం. మాట్లాడితే పెదాలు బిగించి నాలుగే ముక్కలు.

నిన్న పేపర్లో ఈ ఇంటాయన ఫొటో పడింది. చేతిలో గాజుపెట్టె, అందులో ఆ ఛాంపియన్ ఎర్ర గ్లౌజు, గ్లౌజు తోలులో దిగబడ్డ పన్ను. ‘గ్లౌజుదేముంది, బజారులో ఎన్నయినా దొరుకుతాయి. ఓడిన మనిషి పన్ను దిగిన గ్లౌజు ప్రపంచంలో ఇదొక్కటే. అందుకే ఒక మేడ ఖరీదు పోసి కొన్నాను’ అని కింద ఆయన మాటలు. వచ్చే వారం వేలానికి పెడతాడట. బస్సులో పిల్లలు ఆ కాగితం పట్టుకొచ్చి, “ఆంటీ, ఇది మీదేనా?” అంటూ ఆమె నోట్లోకి తొంగిచూశారు.

కాపలా మనిషి కాస్త మెత్తబడ్డాడు. “పోనీ, ఏం పనో చెప్పండి. అడిగి చూస్తాను.”

“పన్ను గురించి వచ్చానని చెప్పండి.”

అతను ఫోన్లో ఆ ముక్క అన్నాడో లేదో, ఇంటాయనే పరుగున వచ్చి గేటు తీశాడు. ఒక కాలికే చెప్పుంది. ఆమె ఒంటిమీద ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా, జేబు మీద బ్యాడ్జి, చంకలో ఫైలు, బిగించిన పెదాలు చూసి ఇంకాస్త ఒంగి దారి చూపించాడు.

హాల్లో గోడల నిండా బ్యాట్లు, బూట్లు, సంతకాలు చేసిన బంతులు. నడి మధ్యలో గాజుపెట్టె. ఆమె చూపు దానిమీదే నిలిచింది.

“కాఫీ తీసుకోండి మేడమ్.”

“వద్దు. పన్ను ఇప్పించండి, వెళ్ళిపోతాను.”

“ఎప్పటిదండీ?”

“ఇరవయ్యేళ్ళ కిందటిది.”

ఆయన సోఫా అంచు పట్టుకున్నాడు. “ఇరవయ్యేళ్ళా! అప్పటికి నేను వ్యాపారమే మొదలుపెట్టలేదండీ!”

“మీరెప్పుడు మొదలుపెట్టారో నాకనవసరం. అది మీ దగ్గరుంది. బయటికి తియ్యండి.”

“మీలాంటివాళ్ళు కొంచెం చూసీ చూడనట్టు పోతే...”

“ఇన్నాళ్ళూ అలాగే పోయాను. ఇక పోను.”

“పోనీ, సగం?”

“సగమేమిటి? ముక్క చేస్తే ఊరుకోను. మొత్తం కావాలి.”

“వాయిదాల్లో ఇచ్చుకుంటాను మేడమ్.”

“వాయిదాల్లో ఎలా ఇస్తారండీ పన్ను!”

ఈయనకి మతిగాని చలించిందా అనుకుంది. అయినా వెనక్కి తగ్గలేదు. గాజుపెట్టెకి అడ్డంగా వెళ్ళి నిలబడింది. “కప్పు గెలిచినవాళ్ళకి పోతుంది. అది న్యాయం. పన్ను మాత్రం ఎవరికి చెందాలో వాళ్ళకే చెందాలి. మేడ ఖరీదు పోశానని మీ నోటితో మీరే చెప్పుకున్నారుగా?” అంటూ ఫైల్లోంచి పేపరు ముక్క తీసి ఆయన ముందు పెట్టింది.

ఆ కాగితం చూడగానే ఆయన ముఖాన చెమట పట్టింది. వెళ్ళి తలుపు మూసి, గొంతు తగ్గించాడు.

“మీ కాళ్ళు పట్టుకుంటాను మేడమ్. మేడా లేదు, గోడా లేదు. నేను మేడ ఖరీదు పోశానంటే, కొనేవాడు రెండు మేడల ఖరీదు పోస్తాడు. ఇంకెవరి దగ్గరా లేనిది తన దగ్గరుండాలని వాడి పిచ్చి. ఆ పిచ్చి మీదే బతుకుతున్నాం. ఆ గ్లౌజు బజారులో కొన్నదే. అంత డబ్బు ఎక్కణ్ణుంచి వచ్చిందని మీ పన్నుల ఆఫీసువాళ్ళు అడిగితే నేనెక్కడ చూపించను?”

“పన్నుల ఆఫీసా?”

ఆయన చెప్పు మర్చిపోయి ఎందుకు పరుగెత్తుకొచ్చాడో ఆమెకి అప్పుడు అర్థమైంది. కానీ ఇంకొకటి తేలాలి.

“మరి, ఆ పెట్టెలో ఉన్న పన్ను ఎవరిది?”

ఆయన తల దించుకున్నాడు. “మా అత్తగారిదండీ. కిందటేడు ఊడింది.”

ఆమె పెట్టెలోకి ఒక్క క్షణం చూసింది. నోట్లో పన్ను పోయిన చోటును అలవాటుగా నాలుకతో తడుముకుంది. తర్వాత ఫైలు మూసింది.

“ఇవాళే అది పీకి మీ అత్తగారికి ఇచ్చెయ్యండి. ఆ గ్లౌజు వేలం గడప తొక్కిందని తెలిస్తే ఇదే ఫైలుతో మళ్ళీ వస్తాను.”

“తప్పకుండా మేడమ్. ఇప్పుడే పీకిస్తాను.” ఆయన గుమ్మందాకా వెంటపడ్డాడు. “మరి... పన్ను ఎంత కట్టమంటారో చెప్పనేలేదు?”

ఆమె వెనక్కి తిరిగింది. ఇన్నేళ్ళలో మొదటిసారి చెయ్యి అడ్డం పెట్టుకోకుండా, కిటికీ బార్లా తెరిచి నవ్వింది.

“మీరు కట్టక్కర్లేదండీ. కట్టించుకోవాల్సింది నేను!”