షిమోనాకా గారు నవ్వారు

మా చేపల డబ్బాల ఫ్యాక్టరీ మూసేస్తారని కుషిరో ఊరంతా గుప్పుమంది. ఈ వయసులో మమ్మల్ని మరెవరూ పనిలో పెట్టుకోరు. ఆ సంగతేదో తేల్చుకుందామని కార్మికులం ఆరుగురం మేనేజరు షిమోనాకా గారి ఎదుట కూర్చున్నాం. మా తరఫున మాట్లాడేది కువబారా.

షిమోనాకా గారు చర్చల్లో ఏనాడూ నవ్వి ఎరగరు. కువబారా జోకు వేస్తే మేం నవ్వేవాళ్ళం. ఆయన మొహం చిట్లించి టీ తాగేవారు, చివరికి అడిగినదాంట్లో సగమైనా ఇచ్చేవారు. ఏటా ఇదే తంతు.

"మా ఆవిడకి నాకంటే మన సార్డిన్ చేపే నయమటండీ. నోరు మూసుకుని డబ్బాలో పడుంటుందట" అన్నాడు కువబారా.

షిమోనాకా గారు పకపకా నవ్వారు.

మాకు ప్రాణం లేచొచ్చింది. "మనిషి మెత్తబడ్డాడు, ఇంకోటి వదులు" అని కువబారాని మోచేత్తో పొడిచాను. వదిలాడు. ఆయన బల్ల చరిచి మరీ నవ్వారు. మేమూ పొట్టలు పట్టుకున్నాం.

కువబారా ఒక్కడే నవ్వలేదు. "ఇక అసలు విషయానికి వద్దామండీ" అన్నాడు.

షిమోనాకా గారు కళ్ళద్దాలు తీసి కళ్ళు తుడుచుకున్నారు. ఎంత తుడుచుకున్నా నీళ్ళు ఆగలేదు.

"ఇంకొక్కటి చెప్పండి, కువబారా గారూ" అని బతిమాలారు. "మీరు ఆపితే నేను నోరు విప్పాలి."

కువబారా మా మొహాలవంక ఒకసారి చూశాడు.

"మా అత్తగారు ఓసారి చేపల బజారుకెళ్ళిందండీ..." అని మొదలుపెట్టాడు.