గేటు ఫోను

“ఖాళీ లారీ బరువు నిండు లారీ కన్నా ఎక్కువ ఎట్లా అవుద్దయ్యా చెంచురామయ్యా?”

మేనేజరు వెంకటరామారావు చీటీని బల్ల మీద పెట్టాడు. వెదురు డిపోలో లారీలు తూచి బరువు రాసే కాటా గుమస్తా చెంచురామయ్య దాన్ని చూశాడు. రాత తనదే. రాసినట్టు మాత్రం గుర్తు లేదు.

ఆ నెలలో అది తొమ్మిదో తప్పు. దసరాలోపు దారిలోకి రాకపోతే చర్ల డిపోకు పంపిస్తానని, ఆర్డరు హెడ్డాఫీసులో సిద్ధంగా ఉందని చెప్పి మేనేజరు వెళ్లిపోయాడు. చర్ల అంటే వానాకాలం బస్సు కూడా సరిగ్గా పోని చోటు. ఇరవై ఏళ్ల ఇల్లు, భార్య సుబ్బరత్నం పాకించిన మల్లెపందిరి ఇక్కడే వదిలేసి పోవాలి. అది తలుచుకున్నా చెంచురామయ్యకు బాధ కలగలేదు. ఏడాదిగా అతనికి ఏదీ కలగడం లేదు.

పొద్దున ఎనిమిదికి కూర్చుంటే మళ్లీ ఐదుకే లేచేవాడు. మిగతా గుమస్తాలు టీకని, బీడీకని, ఏమీ లేకపోతే ఊరికే కబుర్లకని లేచేవాళ్లు. ఇతను అన్నం కూడా రిజిస్టరు పక్కనే తినేవాడు. మధ్యాహ్నమయ్యేసరికి అంకెలన్నీ ఒక్కలాగే కనిపించేవి.

నిరుడు సుబ్బరత్నం దవాఖానాలో ఉన్నప్పుడు గేటు దగ్గరి ఫోనుకు కబురొచ్చింది. మేనేజరు ఆఫీసు ఫోను వేరు, గుమస్తాలకు గేటు ఫోనే దిక్కు. “ఈ లారీ అయ్యాక వస్తా” అన్నాడు చెంచురామయ్య. వెళ్లేసరికి ఫోను కట్టయింది. దవాఖానా చేరేసరికి ఆమె కూడా లేదు. ఆ రోజు లేవని మనిషి ఆ తర్వాత దేనికీ లేవలేదు.

“జర బయటికి రా సారూ, కండ్లకు గాలి తగుల్తది” అని గేటు వాచ్‌మన్ జంపయ్య పిలిచి పిలిచి విసిగిపోయాడు.

మే నెల గాలివానకు గేటు దగ్గర రెండు జామాయిల్ చెట్లు విరిగిపడ్డాయి. వాటిని నరికి పక్కకు లాగించిన వారంలోనే, ఒకరోజు పదకొండింటికి జంపయ్య పరుగున వచ్చాడు.

“సారూ, మీకు ఫోనొచ్చింది. జల్దీ రా.”

ఈ లారీ అయ్యాక అనబోయాడు చెంచురామయ్య. పెన్ను పక్కన పెట్టాడు. లేచి, రెండు వందల గజాలు దాదాపు పరుగెత్తాడు. రిసీవరు చెవికి పెట్టుకుని చాలాసేపు నిలబడ్డాడు.

“కట్టయిందా సారూ?”

“అవునయ్యా. కట్టయింది.”

“పేరు చెప్పలే. మిమ్మల్నే అడిగిన్రు. మళ్ల చేస్తరేమో.”

మూడింటికి మళ్లీ వచ్చింది. మర్నాడూ అంతే. రోజూ రెండుసార్లు జంపయ్య రావడం, చెంచురామయ్య లేవడం, వెళ్లేసరికి ఫోను కట్టయి ఉండడం. ఎవరు చేస్తున్నారో కనుక్కుందామని ఇద్దరిలో ఎవరూ అనలేదు.

పోయి రావడానికి పది నిమిషాలు. దారిలో పచ్చివెదురు వాసన తగిలేది. వానొస్తే తడిసేవాడు. కొన్నాళ్లకు జంపయ్య పక్కన డబ్బా మీద కూర్చుని టీ తాగడం కూడా అలవాటైంది. తిరిగొచ్చి పెన్ను పట్టుకుంటే ఆరు ఆరులా, తొమ్మిది తొమ్మిదిలా కనిపించేవి.

దసరాకు వారం ముందు వెంకటరామారావు వచ్చి రిజిస్టర్లన్నీ తిరగేశాడు. ఆ నెల లెక్కలన్నీ వెతికినా ఒక్క తప్పు దొరకలేదు. ఆయనకు అది కాస్త నిరాశగానే ఉన్నట్టుంది.

“ఏం మందేసుకున్నావయ్యా?”

“మధ్యమధ్య లేచి అట్లా తిరిగొస్తున్నానండి.”

మేనేజరును సాగనంపడానికి చెంచురామయ్య గేటు దాకా నడిచాడు. జంపయ్య లేచి నిలబడ్డాడు.

“చర్ల ఆర్డరు ఆపమని ఇప్పుడే హెడ్డాఫీసుకు చెప్తా” అంటూ మేనేజరు గేటు ఫోను వైపు చెయ్యి చాపాడు.

జంపయ్య మొహం పాలిపోయింది. అడ్డం రాబోయి, చెంచురామయ్యను చూసి ఆగిపోయాడు.

చెంచురామయ్య నింపాదిగా అన్నాడు.

“అది మోగదు సార్, మే నెల గాలివానకే తీగ తెగింది.”