సీరియల్లో చంపొద్దని అడిగాను

బుల్లీ,

నీ సీరియల్ డైరెక్టరు కో థు రేయిన్ ఈరోజు మన తాకేటా పేటకి వచ్చి, మన గుమ్మంలో కూర్చున్నాడు. రేపటి భాగంలో నీ వేషాన్ని బస్సు గుద్ది చంపేస్తుందట. ముందే నాకు చెప్పాలని వచ్చాడు.

"సంపకండి బాబూ. పెళ్ళయి ఏటవతల ట్వంటే ఊరు ఎల్లిపోనాదని రాయండి," అని బతిమాలాను.

"పెళ్ళంటే పిల్ల కనబడాలి కదా ఆంటీ."

"పడవెక్కి ఎల్లినాదని ఎవరిసేతైనా సెప్పించండి. మీదేటి పోద్ది?"

"రాసేశారు ఆంటీ. నా చేతిలో లేదు," అని తల దించుకున్నాడు.

అమ్మవారి జాతర నాటకంలో నువ్వు చచ్చిపోతే నేను స్టేజీ ఎక్కి ఏడ్చాను. "దిగమ్మా, బతికే ఉన్నాను, పరువు తియ్యకు," అని నా చెవిలో తిట్టావు. తర్వాత సినిమాల్లో, టీవీలో ఎన్నిసార్లు చచ్చినా నేను మళ్ళీ ఏడవలేదు.

నువ్వు నిజంగా పోయాక ఈ పన్నెండు రోజులూ, ముందు తీసిన భాగాలు వస్తూనే ఉన్నాయి. సాయంత్రం అరగంట నీ గొంతు ఇంట్లో వినబడుతోంది. రేపటితో అదీ అయిపోతుంది.

ఇవాళ పెద్దకర్మ. నీ విస్తరి డాబా మీద కాకులకి పెట్టమన్నారు. నేను టీవీ ముందు పెట్టాను.

కడుపునిండా తిను తల్లీ.