ఆగని వాచీ

"నా వాచీ ఎవరు పెట్టుకున్నారు?"

కళ్ళద్దాలాయన ఊరి నుంచి వచ్చి ఇంకా బూట్లు కూడా విప్పలేదు. సూట్‌కేసు హాల్లో అడ్డంగా పడి ఉంది, బీరువా తలుపు బార్లా తెరిచి ఉంది. నల్ల వెల్వెట్ పెట్టె అరచేతిలో పెట్టుకుని, కేసు రాసుకోవడానికి వచ్చిన పోలీసులా నిలబడ్డాడు.

బట్టలు మడత పెడుతున్న భార్య తలెత్తింది. "తాళం వేసి వెళ్ళింది మీరే కదండీ?"

"వేశాను. పది రోజులైంది. మరి ఇదెలా తిరుగుతోంది?"

"వాచీ అన్నాక తిరగదా?"

ఆయనకు ఒళ్ళు మండింది. పెళ్ళయి పదిహేనేళ్ళయినా ఈ ఇంట్లో వాచీ విలువ తెలిసిన మనిషి తయారు కాలేదు.

"ఇది చేతికి ఉంటేనే బతుకుతుంది. చెయ్యి కదిలినప్పుడల్లా లోపల స్ప్రింగు చుట్టుకుంటుంది. విప్పి పెట్టేస్తే రెండు రోజులు, అంతే. మూడో రోజు ఆగిపోవాలి. చూడు, నిమిషం కూడా తేడా లేదు!"

వారమంతా జనం కళ్ళు పరీక్షించి అద్దాలు అమ్మే ఆయనకు ఆదివారం వస్తే వాచీలే లోకం. వాచీ ప్రియులంతా ఒకచోట చేరి కొత్త మోడల్ ఏది వచ్చింది, ఏ కంపెనీ ఎవరి డిజైన్ కొట్టేసింది, వెయిటింగ్ లిస్టులో ఎవరి పేరు ఎక్కడుంది అని గొంతులు పోయేలా వాదించుకుంటారు. ఈ వాచీ కావాలంటే రెండేళ్ళు ఆగమన్నారు షోరూంవాళ్ళు. ఆ బృందానికి పెద్దదిక్కయిన గురువుగారు మాత్రం రెండు వారాల్లో తెచ్చిచ్చారు. "మీరు కాబట్టి ఇస్తున్నాను" అన్నారు. పల్చటి వాచీ, రెండే ముళ్ళు. సెకన్ల ముల్లు లేకపోవడమే దాని దర్జా. గీతలు పడతాయని కళ్ళద్దాలాయన ఒక్కసారి చేతికి పెట్టి చూసుకుని బీరువాలో దాచేశాడు.

ఇక ఇంట్లో ఉన్న మూడో మనిషి బావమరిది. ఉద్యోగం వెతుక్కుంటూ రెండు నెలల క్రితం అక్క దగ్గరికి వచ్చాడు.

"ఏరా, మొన్న ఇంటర్వ్యూకి వెళ్ళావట?"

"వెళ్ళాను బావా."

"చేతికి ఏం పెట్టుకుని వెళ్ళావు?"

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు బావమరిది మణికట్టు తడుముకున్నాడు. "ఇదే బావా, నా బ్యాటరీ వాచీ. మీదీ నాదీ టైము సరిగ్గా ఒకటే చూపిస్తున్నాయి చూడండి."

"నక్కకీ నాకలోకానికీ పోలిక పెట్టకు. రోడ్డు పక్కన కుప్పపోసి అమ్మేదానికీ దీనికీ సాపత్యమా? దానికి ప్రాణం ఉండదురా!"

సాయంత్రం గురువుగారికి ఫోను చేసి గోడు వెళ్ళబోసుకున్నాడు.

"ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. మీరు జాగ్రత్తగా ఉండాలి" అన్నారాయన. "ఇంకోమాట. ఎవరేం చెప్పినా వెనక మూత మాత్రం విప్పించకండి. సీలు పోయిందా, వాచీ పరువు పోయినట్టే."

కళ్ళద్దాలాయన వల పన్నాడు. వాచీని పెట్టెలో పెట్టి మూత అంచుకు తన వెంట్రుక ఒకటి అంటించాడు. తల మీద మిగిలినవే కొద్ది, అయినా త్యాగం చేశాడు. బీరువా తాళంచెవి స్నానాలగదిలోకి కూడా తనతోనే వెళ్ళింది. నాలుగు రోజులు ఆగి, అయిదో రోజు పొద్దున తెరిచాడు.

వెంట్రుక పెట్టినచోటే ఉంది. వాచీ తిరుగుతోంది.

ఇంకొకరైతే అక్కడ కాసేపు ఆలోచించేవారు. అనుమానం పట్టినవాడికి అంత తీరిక ఎక్కడిది?

"మారు తాళంచెవి చేయించాడు!" అని అరిచాడు. "వెంట్రుక కూడా మళ్ళీ అంటించాడు, ఎంత తెలివి!"

బావమరిది బట్టలు సంచీలో కుక్కుకుని గుమ్మం దగ్గర ఒక్క క్షణం ఆగాడు. "నేను దాన్ని ముట్టుకోలేదు బావా. దొంగ అనిపించుకున్న ఇంట్లో నాకు ముద్ద దిగదు. వస్తానక్కా."

వాడు మెట్లు దిగిన చప్పుడు ఆగేదాకా భార్య కదల్లేదు. తర్వాత వచ్చి భర్త ఎదురుగా నిలబడింది.

"అమ్మా నాన్నా పోయాక నాకు పుట్టింటి తరఫున మిగిలింది వాడొక్కడే. వాచీ పెట్టుకుని తిరిగితే వెనక మూత అంచుల్లో చెమట మరక పడుతుందని మీరే చెప్పారుగా? పదండి, విప్పిద్దాం. మరక ఉంటే ఈ జన్మలో వాడి మొహం చూడను. లేకపోతే మీరే వెళ్ళి బతిమాలి వాణ్ణి తీసుకురావాలి."

గురువుగారి హెచ్చరిక గుర్తొచ్చింది. కానీ సాక్ష్యంతో సహా దొంగ దొరకబోతున్నాడు, సీలుదేముంది! వెంటనే చెప్పులేసుకున్నాడు.

వీధి చివర బల్ల వేసుకుని వాచీలు బాగుచేసే ముసలాయన ఉన్నాడు. వాచీ మీది పేరు వైపు కూడా చూడలేదు. కంటికి భూతద్దం బిగించుకుని, వెనక మూత టప్పున తీసి, వెలుతురులో అటూ ఇటూ తిప్పాడు.

"చెమట మరక ఉందా?" ఊపిరి బిగబట్టి అడిగింది భార్య.

"లేదమ్మా. అద్దంలా ఉంది. దీన్ని ఎవరూ పెట్టుకుని తిరగలేదు."

ఆమె కళ్ళు గభాల్న నిండాయి. భర్త చెయ్యి పట్టుకుని లాగింది. "విన్నారుగా, నడవండి. బస్టాండులోనే ఉంటాడు వాడు."

కళ్ళద్దాలాయన కదల్లేదు. ఓడిపోవడం ఆయనకు చేతకాదు. "ఉండవే! ఎవరూ పెట్టుకోకపోతే ఇన్ని రోజులు ఎలా తిరుగుతుందయ్యా?" అని బల్ల మీద గుద్దాడు.

ముసలాయన భూతద్దం తీసి, ఇదేం ప్రశ్న అన్నట్టు ఆయన వైపు చూశాడు.

"బ్యాటరీ కొత్తదే బాబూ, ఇంకో రెండేళ్ళు ఆగదు."